చీకటి పక్కన పెన్సిలు గీత

గౌరవనీయులైన సంఘకాపరి అయ్యగారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకు, స్త్రీల మైత్రి సభ్యులకు, గాయక బృందంలోని పిల్లలకు, లాలాగూడ, మెట్టుగూడ, బోయిగూడ ప్రాంతాల నుంచి ఈ సాయంకాలం ఇక్కడికి వచ్చిన మీ అందరికీ ప్రభువు నామమున వందనాలు. రేపు నవంబరు 2, సమాధుల పండుగ. ఈపాటికి మీలో చాలామంది సమాధులకు సున్నం వేయించి, బంతిపూలకు, కొవ్వొత్తులకు చెప్పి ఉంటారు. ఆ హడావుడిలోనూ తీరిక చేసుకొని వచ్చినందుకు కృతజ్ఞతలు.

అయ్యగారు నాకిచ్చిన అంశం ‘ఓ మరణమా, నీ విజయమెక్కడ?’ అనే కొరింథీయుల పత్రికలోని మాట. ఆ మాటను నేను నమ్ముతున్నాను. రైల్వే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు పనిచేసి పదవీ విరమణ పొందిన మామూలు విశ్వాసిని నేను. వేదాంత పండితుణ్ణి కాను. మూడేళ్ల క్రితం నా భార్య ప్రభువునందు నిద్రించింది. కనుక ఆ వచనం దగ్గరికి వెళ్లే ముందు, దానిని నా ఇంట్లో, నా భార్య ఫోటో ముందు, ఏ విధంగా ప్రకటించారో చెప్పకుండా ఉండలేను.

భూస్థాపన జరిగిన మూడో రోజున మా ఇంటి ముందు షామియానా వేసి ఆదరణ కూడిక పెట్టారు. ప్రసంగించడానికి వచ్చిన దైవజనుడు నలభై నిమిషాలు మాట్లాడారు. అందులో నా భార్య పేరు రెండుసార్లు వినిపించింది, ఒకసారి తప్పుగా. మిగిలిన సమయమంతా, వచ్చిన బంధువులలో రక్షణ పొందనివారు ఎవరో వారికి హెచ్చరిక. మా అమ్మాయి మొదటి వరుసలో కూర్చొని వెక్కిళ్లు ఆపుకోలేక ఏడుస్తుంటే, ఆయన ప్రసంగం ఆపి, “విశ్వాసులు ఏడవకూడదమ్మా, మీ అమ్మ మహిమలో ఉంది, నీ కన్నీళ్లు నీ అవిశ్వాసానికి సాక్ష్యం అవుతాయి” అన్నారు. ఆయనది చెడ్డ మనసని నేను అనను. ఆదరించడమంటే ఏడుపు ఆపించడమని ఎవరో ఆయనకు నేర్పి ఉంటారు. కానీ ఆ రోజు చున్నీ నోటికి అడ్డం పెట్టుకున్న మా అమ్మాయి ఆ తరువాత ఏడాదిన్నర పాటు నా ఎదుట ఒక్కసారి కూడా ఏడవలేదు, తల్లి మాట ఎత్తలేదు, గుడికి రావడం కూడా తగ్గించేసింది. ఈ గాయం గురించి చెప్పుకోవడానికే ఈ రోజు ఇక్కడ నిలబడ్డానని మీరనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

విశ్వాసులు ఏడవకూడదని బైబిలులో ఎక్కడ ఉంది? విశ్వాసులకు తండ్రి అని మనం పిలుచుకునే అబ్రాహాము, తన భార్య శారా 127 ఏళ్లు బ్రతికి హెబ్రోనులో చనిపోయినప్పుడు, ఆమె నిమిత్తం అంగలార్చడానికీ ఏడవడానికీ వచ్చాడని ఆదికాండము 23వ అధ్యాయం చెబుతుంది. ఆ తరువాతే లేచి, 400 తులముల వెండి తూచి ఇచ్చి, మక్పేలా గుహ ఉన్న పొలాన్ని కొన్నాడు. మన నగరంలో సమాధి స్థలం దొరకడం ఎంత కష్టమో మీకు తెలియనిది కాదు. నా భార్యను మా అమ్మ సమాధినే తెరిచి అందులో ఉంచవలసి వచ్చింది. అప్పుడు ఆ కాగితాల మీద సంతకాలు చేస్తుంటే, బేరం మాట్లాడుతున్న ఆ ముసలి అబ్రాహామే నాకు తోడుగా ఉన్నట్టు అనిపించింది. పరలోకం తెరువబడడం కళ్లారా చూచి మరణించిన స్తెఫనును భక్తిగల మనుష్యులు సమాధి చేసి, అతనిని గూర్చి ‘బహుగా ప్రలాపించిరి’ అని అపొస్తలుల కార్యములలో ఉంది. అతడు ఎక్కడికి వెళ్లాడో వారికి తెలియదా? తెలిసే ఏడ్చారు. చనిపోయిన లాజరును మరికాసేపట్లో తానే లేపబోతున్నానని ఎరిగిన ప్రభువు సైతం, నాలుగు రోజుల సమాధి దగ్గరికి వెళ్లే దారిలో లాజరు సహోదరి మరియను, ఆమెతో వచ్చినవారిని చూచి కన్నీళ్లు విడిచాడు.

థెస్సలొనీకయుల పత్రికలో పౌలు, నిరీక్షణ లేని ఇతరుల వలె మీరు దుఃఖపడవద్దని రాశాడు. మన కూడికల్లో ఆ వచనంలోని మొదటి సగాన్ని వదిలేసి ‘దుఃఖపడవద్దు’ అన్న మాటనే చదువుతారు. పౌలు దుఃఖాన్ని నిషేధించలేదు. నిరీక్షణ ఉన్నవారికి తగిన దుఃఖం ఒకటి ఉందని చెప్పాడు. ఆ దుఃఖం ఎలా ఉంటుందో నాకు నా భార్య బైబిలు నేర్పింది.

ఆ సంగతి చెప్పే ముందు ఒక్క మాట. నాతో పాటు పనిచేసిన ఫిట్టర్ ఒకాయన, మన మతంవాడు కాడు, కూడిక అయిపోయి షామియానా విప్పేసిన తరువాత వరుసగా మూడు సాయంకాలాలు ఫ్లాస్కులో టీ పట్టుకొని వచ్చి, నా పక్కన వరండాలో కూర్చొని, పెద్దగా ఏమీ మాట్లాడకుండా, చీకటి పడ్డాక లేచి వెళ్లేవాడు. పిల్లలనూ ఆస్తినీ పోగొట్టుకున్న యోబును ఆదరించడానికి వచ్చిన స్నేహితులు కూడా మొదటి ఏడు రోజులు అలాగే నేల మీద కూర్చున్నారు. నోరు తెరిచిన తరువాతే వారు దారి తప్పారు.

ఇక బైబిలు విషయం. ఆమె పోయిన నాలుగు నెలలకు గాని నేను దానిని తెరవలేకపోయాను. నల్లటి రెగ్జిను అట్ట, అంచులు అరిగి లోపలి అట్టముక్క కనిపిస్తోంది. మధ్యలో ఆమె కళ్లజోడు గుడ్డ, నింపకుండా మిగిలిన ఒక కానుక కవరు. 88వ కీర్తన దగ్గర పేజీ తనంతట తానే విడివడింది. ‘చీకటియే నాకు బంధువర్గమాయెను’ అన్న చివరి మాట కింద పెన్సిలుతో గీసి, పక్కన సన్నటి అక్షరాలతో ‘మార్చి 9, రాత్రి 2’ అని రాసుకుంది. అది రెండో విడత కీమో అయిన మరునాటి రాత్రి. ఆ రాత్రి నేను అదే గదిలో నిద్రపోతున్నాను. పొద్దున లేచి ఎలా ఉందని అడిగితే, “ప్రభువు చూసుకుంటాడులెండి, మీరు టిఫిన్ చేయండి” అని నాతో అన్నది.

సహోదరులారా, ఆ గీతను చూచి నేను ఎంతసేపు ఏడ్చానో చెప్పలేను. నాకు చెప్పుకోలేని మాట, అయ్యగారికి చెప్పుకోలేని మాట, ఆమె దేవుని ఎదుట చెప్పుకుంది. ఆ మాటను దేవుడే తన గ్రంథంలో ముందుగా రాయించి ఉంచాడు. కీర్తనల్లో దాదాపు మూడో వంతు ఇటువంటి మొఱ్ఱలే. చాలావాటి చివర స్తుతి వస్తుంది. దీనికి అదీ లేదు, చీకటి అన్న మాటతోనే ముగిసిపోతుంది. అయినా దాని ఆరంభం చూడండి: ‘యెహోవా, నాకు రక్షణకర్తవగు దేవా’. చీకటిలో ఉన్నవాడు ఎవరితో మాట్లాడుతున్నాడో మరచిపోలేదు. నా భార్య కూడా మరచిపోలేదు. పునరుత్థానాన్ని నేను అంతకుముందూ నమ్మేవాణ్ణి. ఆ రాత్రి నుంచి దాని మీద నా బరువంతా మోపగలుగుతున్నాను. ఆయన వారి కన్నుల ప్రతి బాష్పబిందువును తుడిచివేస్తాడని ప్రకటన గ్రంథంలో చదివినప్పుడు, మార్చి 9 రాత్రి రాలిన వాటిని కూడా ఆయన లెక్కపెట్టి ఉంచాడని నాకు నిశ్చయంగా తెలుసు.

ఆ పేజీని మా అమ్మాయికి చూపించాను. చదివి, బైబిలు ఒడిలో పెట్టుకొని, మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. నేను ఆపలేదు.

2021లో, కరోనా సమయంలో, మనవారిని కడసారి చూచుకోకుండానే సాగనంపిన కుటుంబాలు ఈ హాలులో ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు. ఆదరణ కూడిక కూడా జరగనివారు, ఆ ఏడుపును ఇంకా గొంతులోనే పెట్టుకున్నవారు మీలో ఉన్నారు. అయ్యగారూ, పెద్దలారా, మిమ్మల్ని చేతులు జోడించి అడుగుతున్నాను: ఇకమీదట మన సంఘంలో ఆదరణ కూడిక పెడితే, ప్రసంగానికి ముందు ఇంటివారిని మాట్లాడనివ్వండి, మాట్లాడలేకపోతే ఏడవనివ్వండి, పోయినవారి పేరు సరిగా కనుక్కొని పలకండి. గాయక బృందం పిల్లలారా, 88వ కీర్తన దేవాలయ గాయకులైన కోరహు కుమారుల పాట. మీరు దానికి రాగం కట్టి నేర్చుకోండి.

రేపు ఉదయం ఏడు గంటలకు నేనూ మా అమ్మాయీ నారాయణగూడ సమాధుల తోటలో, మా అమ్మా నా భార్యా ఉన్న చోట ఉంటాం. ముందు ఆ కీర్తన చదువుతాం, తరువాత లాజరును ప్రభువు లేపిన యోహాను సువార్త 11వ అధ్యాయం. మాతో కలిసి నిలబడదలచినవారు రండి.