జైలు గేటు ముందు నిలబడ్డ అమ్మలు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకి, గ్రంథాలయం వాళ్ళకి, సాయంత్రం పనులు మానుకుని వచ్చిన మీ అందరికీ. పేరుపేరునా చెప్పలేకపోతున్నందుకు ఏమీ అనుకోవద్దు, చెప్పాల్సింది చాలా ఉంది.

ఈ రోజు డిసెంబరు 10, మానవ హక్కుల దినం. నాకిచ్చిన అంశం "మధ్య అమెరికా దేశాల్లో హక్కులు, సామాజిక సమస్యలు". అక్కడ ఏడు దేశాలున్నాయి. నేను ఒక్కదాని గురించే మాట్లాడతాను, ఎల్ సాల్వడార్ గురించి. మన పాత అనంతపురం జిల్లా కంటే కాస్త పెద్దది, జనాభా 60 లక్షలు దాటుతుంది, అంతే.

ఆ దేశమే ఎందుకంటే, రెండు నెలల కిందట మా మనవడు ఫోన్ తెచ్చి నా ముందు పెట్టాడు. "అమ్మమ్మా, ఇది చూడు" అన్నాడు. రీల్. వందల మంది మగవాళ్ళు, గుండ్లు గీసేశారు, ఒంటి మీద తెల్ల నిక్కర్లు తప్ప ఏమీ లేవు, చేతులు వెనక్కి కట్టి, తలలు మోకాళ్ళ దాకా వంచి పరిగెత్తిస్తున్నారు. తర్వాత నేల మీద ఒకరి వీపుకి ఒకరిని ఆనించి వరసగా కూర్చోబెట్టారు. వెనకాల మంచి సంగీతం. కింద మన తెలుగు పిల్లల కామెంట్లు, "మన దగ్గర కూడా ఇలాంటి మగాడు రావాలి" అని, "సెల్యూట్ సార్" అని. మావాడు కూడా లైక్ కొట్టాడు. వాడు చెడ్డవాడు కాదు, వీధిలో కుక్కపిల్లకి దెబ్బ తగిలితే ఆటోలో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళేవాడు. అందుకే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ జైలు పేరు సెకోట్. 2023లో తెరిచారు, 40,000 మందిని పెట్టేంత పెద్దది. కట్టించింది అధ్యక్షుడు నయీబ్ బుకేలే. 2022 మార్చి చివర్లో మూడు రోజుల్లో 87 మందిని గ్యాంగులు చంపాయి, ఒక్క శనివారమే 62 మందిని. మర్నాడే, మార్చి 27న, ఎమర్జెన్సీ పెట్టారు. ముప్పై రోజులకని చెప్పారు. నెలనెలా పొడిగించుకుంటూ వచ్చారు, ఇప్పటికీ ఎత్తేయలేదు. 80,000 మందికి పైగా లోపల వేశారు. జనాభాతో పోల్చి చూస్తే ప్రపంచంలో ఏ దేశమూ తన మనుషుల్ని ఇంతగా జైల్లో పెట్టలేదు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి, లేకపోతే మీరు నన్ను నమ్మక్కర్లేదు. అక్కడి జనం గ్యాంగుల చేతిలో పడ్డ నరకం అబద్ధం కాదు. 2015లో ఆ చిన్న దేశంలో 6,600 పైగా హత్యలు జరిగాయి. తోపుడుబండి వాడి దగ్గర్నుంచి బస్సు డ్రైవరు దాకా అందరూ గ్యాంగుకి మామూలు కట్టాల్సిందే, దాన్ని అక్కడ "రెంటా" అంటారు, అంటే అద్దె. బతికున్నందుకు అద్దె అన్నమాట. కట్టకపోతే చంపేసేవాళ్ళు. 2024లో ఏడాది మొత్తానికి 114 హత్యలేనని ప్రభుత్వం లెక్క చెప్పింది. ఆడపిల్ల సాయంత్రం పూట భయం లేకుండా పక్క వీధికి వెళ్ళి రాగలుగుతోందంటే, ఆ తల్లి బుకేలేకి దణ్ణం పెట్టుకుంటే నేను తప్పు పట్టను. 2024లో జనం మళ్ళీ ఆయన్నే గెలిపించారు, వరసగా రెండోసారి పోటీ చేయడానికి వీల్లేదని రాజ్యాంగంలో ఉన్నా.

మరి ఇబ్బంది ఏంటి?

ఇబ్బంది ఏంటంటే, వీడు గ్యాంగు మనిషి అని ఎవరు చెప్పారు? ఎవరు సరిచూశారు? ఎమర్జెన్సీలో పోలీసు ఎందుకు పట్టుకెళ్తున్నాడో చెప్పక్కర్లేదు, పదిహేను రోజుల దాకా జడ్జి ముందుకి తేనక్కర్లేదు. మన దగ్గర కాగితం మీదైనా 24 గంటలని ఉంది. అక్కడ ఒంటి మీద పచ్చబొట్టు చూసి, పక్కింటివాడు పేరు చెప్పకుండా ఫోన్ చేస్తే విని, ఎత్తుకెళ్ళారు. ఆ తర్వాత చట్టం మార్చి ఒకే కేసులో వందల మందిని కలిపి విచారించే ఏర్పాటు చేశారు. వేలమంది నిర్దోషుల్ని విడుదల చేశామని బుకేలే తన నోటితోనే చెప్పాడు. అంటే వేల ఇళ్ళల్లో ఏం జరిగిందో ఊహించుకోండి. లోపల చనిపోయినవాళ్ళు వందల్లో ఉన్నారని అక్కడి హక్కుల సంఘాలు పేర్లతో సహా రాసిపెట్టాయి. అలా రాసిపెట్టిన క్రిస్టోసాల్ అనే సంస్థలో అవినీతి మీద పనిచేసే లాయరు రూత్ లోపెస్‌ని 2025 మేలో అరెస్టు చేశారు, రెండు నెలలకి ఆ సంస్థే దేశం వదిలి వెళ్ళిపోయింది.

మరియోనా అనే చోట ఒక పెద్ద జైలుంది. అరెస్టులు మొదలైన రోజుల్లో దాని గేటు ముందు ఆడవాళ్ళు రాత్రింబవళ్ళు రోడ్డు పక్కనే పడుకున్నారు. కొడుకు లోపల ఉన్నాడో లేడో కూడా చెప్పేవాళ్ళు లేరు. తిండి, సబ్బు, బట్టలు మూట కట్టి గేటు దగ్గర ఇవ్వాలి, అది వాడికి అందిందో లేదో తెలీదు.

ఆ ఫొటోలు చూసినప్పుడు నాకు మా స్కూలు పిల్లాడి అమ్మ గుర్తొచ్చింది. నేను ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పాను. ఏ ఊరో, ఏ స్టేషనో చెప్పను. పదో తరగతి పిల్లాడు, వీధిలో సైకిలు పోయిందని అనుమానం మీద తీసుకెళ్ళారు. మూడు రోజులు. ఎఫ్ఐఆర్ లేదు, అడిగితే అలాంటివాడు మా దగ్గర లేడన్నారు. వాళ్ళమ్మ స్టేషను ఎదురుగా చెట్టు కింద క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే మూత తీసి చూపించింది, అన్నం, పప్పుచారు, రెండు వడియాలు. "టీచరమ్మా, పొద్దున వండింది పాడైపోతోంది, మళ్ళీ వండుకొస్తాను, వాడు బయటికొస్తే మీరు చూస్తుండండి" అంది. మూడో రోజు రాత్రి వదిలేశారు. వాడు మళ్ళీ బడికి రాలేదు. సైకిలు ఎవరు తీశారో ఆ తర్వాత తెలిసింది, వాడు కాదు. వాడి పదో తరగతి మాత్రం అక్కడే ఆగిపోయింది.

నేను కాగితం మీద రాసుకున్న వరస ఇది కాదు. 1932 నుంచి మొదలుపెడదామనుకున్నాను, కాఫీ తోటల భూములన్నీ కొన్ని కుటుంబాల చేతిలో ఉండటం, తిరగబడ్డ కూలీల్ని, ఆదివాసుల్ని వేలల్లో చంపేయడం, అవన్నీ. 1998 నుంచి అక్కడ అబార్షన్ పూర్తిగా నేరం, కడుపు పోయిన పేదింటి ఆడవాళ్ళని కూడా హత్య కేసు పెట్టి ముప్పై ఏళ్ళ శిక్ష వేశారు, దాని గురించే ఒక పూట మాట్లాడొచ్చు. కానీ ఈ రోజు తారీఖు నన్ను ముందుకి వెళ్ళనివ్వడం లేదు. 1981లో సరిగ్గా ఇదే రోజు, డిసెంబరు 10 సాయంత్రం, ఆ దేశంలో ఒక ఊళ్ళోకి సైన్యం వచ్చింది.

ఊరి పేరు ఎల్ మొసోటే. మొరసాన్ ప్రాంతంలో కొండల్లో ఉంటుంది. అప్పటికి అంతర్యుద్ధం మొదలై ఏడాది దాటింది. అంతకు ముందు సంవత్సరం మార్చిలో ఆర్చిబిషప్ రొమేరో సైనికుల్ని ఉద్దేశించి, దేవుడి పేరు మీద ఆజ్ఞాపిస్తున్నాను, అణచివేత ఆపండి అన్నాడు, మర్నాడే పూజ చేస్తుండగా కాల్చి చంపారు. ఎల్ మొసోటే వాళ్ళు ప్రభుత్వం మీద తిరగబడ్డ గెరిల్లాల వైపు కాదు, సైన్యం జోలికీ పోలేదు. ఊళ్ళోనే ఉంటే ఏమీ కాదని నమ్మి, చుట్టుపక్కల పల్లెల వాళ్ళు కూడా అక్కడికే వచ్చి తలదాచుకున్నారు. వచ్చింది అట్లాకాట్ల్ బెటాలియన్, అమెరికా వాళ్ళు శిక్షణ ఇచ్చి తయారుచేసిన దళం.

11వ తారీఖు పొద్దున్న మగవాళ్ళని చర్చిలో పెట్టారు, ఆడవాళ్ళని, పిల్లల్ని ఒక ఇంట్లో. ముందు మగవాళ్ళని చంపారు. తర్వాత ఆడవాళ్ళని గుంపులు గుంపులుగా బయటికి తీశారు. రుఫీనా అమాయా అనే ఆవిడకి నలుగురు పిల్లలు. చంటిది ఒళ్ళో పాలు తాగుతుంటే లాక్కున్నారు. ఆవిడ వరసలో చివర ఉంది. ముందు నిలబడ్డ ఆడవాళ్ళు ఏడుస్తూ ఒకరినొకరు పట్టుకుని కదలకపోతే సైనికులు అటు చూశారు, ఆ క్షణంలో ఆవిడ మోకాళ్ళ మీద కూలబడి, పక్కనున్న చిన్న చెట్టు చాటుకి జరిగింది. రాత్రయింది. చెట్టు వెనక నుంచి తన పిల్లల గొంతులు ఆవిడకి వినపడ్డాయి. పెద్దవాడు అమ్మా అని పిలవడం వినపడింది. బయటికి వెళ్తే చచ్చిపోతుంది, ఇది చూసినవాళ్ళు ఇంకెవరూ మిగలరు. వెళ్ళలేదు. మంటలకి బెదిరి పరిగెత్తుతున్న పశువుల మధ్య పాకుతూ దాటింది. దూరంగా వెళ్ళాక చేతుల్తో నేలలో గుంట తవ్వి, ఏడుపు బయటికి వినపడకుండా ఆ గుంటలో మొహం పెట్టి ఏడ్చింది.

కాసేపు ఆగుతాను, క్షమించండి.

ఆవిడ చెప్పింది. విలేకరులు వెళ్ళి చూసి, 1982 జనవరి 27న న్యూయార్క్ టైమ్స్‌లో, వాషింగ్టన్ పోస్ట్‌లో మొదటి పేజీలో రాశారు. మర్నాడే అమెరికా ప్రభుత్వం, ఆ దేశం హక్కుల విషయంలో మెరుగవుతోందని సర్టిఫికెట్ ఇచ్చి సాయం కొనసాగించింది. ఊచకోతకి ఆధారాల్లేవన్నారు. గెరిల్లాల ప్రచారం అన్నారు. ఒక రైతు ఆడమనిషి, నా పిల్లల్ని చంపారు అంటే, ప్రచారం అన్నారు!

పదేళ్ళు గడిచాయి. 1992లో ఒప్పందం జరిగి యుద్ధం ఆగాక, అర్జెంటీనా నుంచి వచ్చిన నిపుణులు చర్చి పక్క గది తవ్వారు. ఆ ఒక్క గదిలో 143 మంది ఎముకలు. అందులో 131 మంది పన్నెండేళ్ళ లోపు పిల్లలు. సగటు వయసు ఆరేళ్ళు. తూటాల ఖాళీ గొట్టాలు 245 దొరికితే, ముద్ర చదవగలిగినవి 184, అన్నిటి మీదా అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని లేక్ సిటీ ఫ్యాక్టరీ ముద్ర. చుట్టుపక్కల పల్లెలతో కలిపి దాదాపు వెయ్యిమంది, సగం పైగా పిల్లలు. ఆవిడ చెప్పిన ప్రతి ముక్కా నేల కిందే ఉంది.

మీరు అడగొచ్చు, అప్పటి దానికీ ఇప్పటి జైలుకీ ఏం సంబంధం అని. ఉంది. అప్పుడు "గెరిల్లా" అన్నారు, అంటే చాలు, ఇంక ఎవరూ ప్రశ్న వెయ్యకూడదు, మూడేళ్ళ పిల్ల గెరిల్లా ఎలా అయిందని కూడా. ఇప్పుడు "గ్యాంగు" అంటున్నారు. గ్యాంగుల్లో హంతకులు లేరని నేననను, ఉన్నారు, వాళ్ళకి శిక్ష పడాలి. కానీ ముద్ర వేసేదీ వాళ్ళే, పట్టుకునేదీ వాళ్ళే, సరిచూసేదీ వాళ్ళే అయితే తప్పు జరిగినప్పుడు చెప్పుకోడానికి చోటేది? ఎల్ మొసోటే కేసు తిరగతోడిన జడ్జి సైన్యం ఫైళ్ళు చూడటానికి 2020లో వెళ్తే సైనికులు గేటు తీయలేదు. మరుసటేడాది అరవై దాటిన జడ్జీలందరూ దిగిపోవాలని చట్టం తెచ్చారు, ఆయనా దిగిపోవాల్సి వచ్చింది. 2020 డిసెంబరులో బుకేలే అదే ఊళ్ళో నిలబడి, యుద్ధం ఒక నాటకం, శాంతి ఒప్పందం కూడా నాటకమే అన్నాడు. రుఫీనా అప్పటికి లేదు, 2007లో పోయింది. ఉంటే ఏమనేదో.

యువకులు ఎక్కువమంది కనపడుతున్నారు, అందుకే అడుగుతున్నాను. 2019 డిసెంబరులో మన దగ్గర దిశ కేసు నిందితుల ఎన్‌కౌంటర్ జరిగినప్పుడు పోలీసుల మీద పూలు చల్లాం. చచ్చిపోయిన ఆ అమ్మాయి గురించి నేనూ ఏడ్చాను, ఆ పూట నేను కూడా మనసులో హమ్మయ్య అనుకున్నాను. సుప్రీంకోర్టు వేసిన కమిషన్ తర్వాత ఏం తేల్చిందో మీలో ఎంతమంది చదివారు? కావాలనే కాల్చారని తేల్చింది. పూల ఫొటోలు అందరి ఫోన్లలోకీ వచ్చాయి, ఆ రిపోర్టు ఎంతమంది ఫోన్లలోకి వచ్చింది?

మా మనవడికి రుఫీనా సంగతి చెప్పాను. వాడేమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతూ, "ఆ పిల్లల పేర్లేంటి అమ్మమ్మా" అని అడిగాడు. అవి చదివి కూర్చుంటాను. రేపటికి 44 ఏళ్ళు. దయచేసి కాసేపు ఫోన్లు పక్కన పెట్టండి.

క్రిస్టినో, తొమ్మిదేళ్ళు. మరియా డొలోరెస్, అయిదేళ్ళు. మరియా లిలియన్, మూడేళ్ళు. మరియా ఇసబెల్, ఎనిమిది నెలలు.