హార్ట్ ఇమేజింగ్ ఫెలోషిప్: మూడో గడి ఎవరు నింపుతారు?

నమస్కారం అండి. బెంగళూరు నుంచి మాట్లాడుతున్నాను. బన్నేరుఘట్ట రోడ్డు హారన్లు వినిపిస్తే ఏమీ అనుకోకండి, కిటికీ మూస్తే ఈ గదిలో ఊపిరాడదు.

డీఎం కార్డియాలజీ ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్లు, ఎండీ రేడియాలజీ అయిపోయినవాళ్లు నాకు మెసేజ్‌లు పెడుతుంటారు. "అక్కా, ఇమేజింగ్ ఫెలోషిప్ చేద్దామనుకుంటున్నా, ఎక్కడ బాగుంటుంది?" అని. గుండెని ఎకో, సీటీ, ఎంఆర్‌ఐ బొమ్మల్లో చదవడం నేర్చుకోవడానికి డిగ్రీ తర్వాత చేసే శిక్షణ అది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఈ వీడియో చేస్తున్నాను. ఆస్పత్రుల ర్యాంకులు చెప్పను. ఏ చోటు మంచిదో మీరే పట్టుకునే ఉపాయం ఒకటి చెబుతాను. అంతకన్నా ముందు కొన్ని కేసులు చూద్దాం, ఆ ఉపాయం పుట్టింది వాటిలోంచే.

ఇదిగో, ఇది నా నోట్‌బుక్. మామూలు రూళ్ల పుస్తకం. ప్రతి పేజీకీ మూడు గడులు. మొదటి గడిలో నేను రాసిన రిపోర్టు, ఒక్క లైనులో. రెండో గడిలో సీనియర్ దిద్దింది. మూడో గడిలో అసలు సంగతి, అంటే క్యాథ్‌ల్యాబ్‌లో (నాళంలోకి సన్నటి గొట్టం పంపి చూసే చోట) ఏం తేలిందో, ఆపరేషన్ థియేటర్‌లో, అదే ఓటీలో, సర్జన్ తెరిచి ఏం చూశారో అది. పేషెంటు పేరు ఎక్కడా రాయలేదు, మీరూ రాయకండి.

(స్క్రీన్ మీద: మొదటి ఎకో క్లిప్)

ఇది ఎపికల్ ఫోర్ చాంబర్ వ్యూ, గుండె కొస వైపు నుంచి నాలుగు గదులూ కనిపించే బొమ్మ. ఎల్‌వీ, అంటే ఎడమ కింది గది, చూడండి. పొట్టిగా, గుండ్రంగా ఉంది, కొస మందంగా ఉండి చక్కగా ముడుచుకుంటోంది. ఈఎఫ్ (ఒక్కో కొట్టుకి ఆ గది బయటికి పంపే రక్తం శాతం) 55, అంటే మామూలే, అని రాసేయాలనిపిస్తోంది కదా? ఫెలోషిప్ మొదటి నెలలో నేనూ అదే రాశాను. మా మేడమ్ వచ్చి, ఒక్క మాట అనకుండా, ప్రోబ్‌ని ఒక పక్కటెముక సందు కిందికి, కాస్త బయటికి జరిపారు. ఇప్పుడు రెండో క్లిప్ చూడండి. అదే మనిషి, అదే మంచం. ఎల్‌వీ పొడుగ్గా వచ్చింది. కొస అసలు కదలడమే లేదు. ఆ కొసలో బూడిద రంగులో కనిపిస్తున్నది రక్తం గడ్డ. ముందు గోడకి ఎటాక్ వచ్చి పది రోజులైన మనిషి ఆయన. నా రిపోర్టు పట్టుకుని ఇంటికి వెళ్లి ఉంటే, రక్తం పలచబరిచే మందు లేకుండానే వెళ్లేవాడు.

దీన్ని ఫోర్‌షార్టెనింగ్ అంటారు. దోసకాయని నిలువునా నడిమికి కోయకుండా ఏటవాలుగా కోస్తే ముక్క పొట్టిగా వస్తుంది చూడండి, ఇదీ అంతే. అసలు కొస మన కోతలోకి రానే లేదు, మనం కొస అనుకుంటున్నది పక్క గోడ. పట్టుకోవడం ఎలా? ఫోర్ చాంబర్‌లో ఒకసారి, టూ చాంబర్‌లో ఒకసారి ఎల్‌వీ పొడవు కొలవండి. రెండింటికీ 10 శాతం కన్నా ఎక్కువ తేడా వస్తే ఒకటి కురచగా కోసినట్టే. కురచ వ్యూలో వాల్యూమ్ తగ్గుతుంది, ఈఎఫ్ ఉన్నదానికన్నా ఎక్కువ వస్తుంది. అంటే ఈ తప్పు మనకి ఎప్పుడూ శుభవార్తే చెబుతుంది. అందుకే అంత తేలిగ్గా నమ్మేస్తాం.

సరే, సీటీ కొరోనరీ యాంజియోకి, అంటే గుండెకి రక్తం ఇచ్చే కొరోనరీ నాళాలని సీటీలో చూడటానికి, వద్దాం. ఇందులో సగం పని స్కానర్ ఎక్కించకముందే ఉంటుంది. గుండె వేగం నిమిషానికి 60 దగ్గరికి దిగాలి, లేకపోతే నాళాలు, ముఖ్యంగా కుడి కొరోనరీ, అలికినట్టు వస్తాయి. దానికి మెటోప్రొలాల్ ఇస్తాం, ఇచ్చేముందు ఆస్తమా ఉందా అని అడుగుతాం. నాళాలు విచ్చుకోవడానికి నాలుక కింద నైట్రోగ్లిజరిన్ పెడతాం. ఇక్కడ ఒక ప్రశ్న తప్పకుండా అడగాలి. సిల్డెనాఫిల్ (వయాగ్రా) లాంటి బిళ్ల ఏమైనా వేసుకున్నారా అని. రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. సిల్డెనాఫిల్ అయితే 24 గంటలు, టాడలాఫిల్ అయితే 48 గంటలు గడవాలి.

పుస్తకంలో ఇది ఒక్క లైను. హిందూపురం నుంచి వచ్చిన అరవై ఏళ్ల పెద్దమనిషిని, పక్కన అల్లుడు నిలబడి ఉండగా, ఒక ఆడ డాక్టరు అడగాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది దాని బరువు. నేను అల్లుణ్ని వాటర్ బాటిల్ తెమ్మని బయటికి పంపి, "పెద్దాయనా, ఈ రెండు మూడు రోజుల్లో మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న బిళ్ల ఏమైనా వేసుకున్నారా?" అన్నాను. ఆయన ఫ్యాను వంక చూస్తూ "నిన్న రాత్రి, మా" అన్నారు. స్కాన్ వాయిదా వేశాం. అల్లుడికి మాత్రం మెషిన్‌లో ఏదో చిన్న ప్రాబ్లమ్ అని చెప్పాను. ఇలాంటివి ఏ సిలబస్‌లోనూ ఉండవు, పక్కన ఉండి చూసి నేర్చుకోవాల్సిందే.

నా పరువు ఎక్కువగా పోయింది కూడా సీటీలోనే. కాల్షియం తెల్లగా మెరుస్తూ, ఉన్నదానికన్నా ఉబ్బి కనిపిస్తుంది. బ్లూమింగ్ అంటాం. ఒక కేసులో ఎల్‌ఏడీలో (గుండె ముందు భాగానికి రక్తం ఇచ్చే నాళంలో) 70 శాతం అడ్డు ఉందని రాశాను. ఇదిగో మొదటి గడి. సీనియర్ స్క్రీన్ మీద విండో (బొమ్మలో తెలుపు నలుపుల పరిధి) వెడల్పు పెంచి, చూడమని, 50 అని దిద్దారు. రెండో గడి. క్యాథ్‌ల్యాబ్‌లో 40. మూడో గడి. ఆ మూడోది ఖాళీగా ఉండి ఉంటే, సీనియర్ అడ్డుని తక్కువ చేసి రాశారు, నేనే కరెక్టు అనుకుంటూ ఉండేదాన్ని.

ఎంఆర్‌ఐలో పేషెంటు ఒక్కో బొమ్మకి పది పదిహేను సెకన్లు ఊపిరి ఆపాలి, అలా చాలాసార్లు. ఊపిరి వదిలేసి ఆపితే గుండె ప్రతిసారీ ఒకే చోట ఉంటుంది. మా టెక్నీషియన్ మైకులో కన్నడలో "ఉసిరు బిగి హిడ్కొళ్ళి" అనేవాడు. నంద్యాల నుంచి వచ్చిన ఒక అవ్వ లోపలి నుంచి "నా ఉసురు ఎందుకు పట్టుకోమంటావు నాయనా!" అని కేక పెట్టింది. ఆ రోజు నుంచి తెలుగు పేషెంటు వస్తే మైకు నా చేతికి ఇచ్చేవాళ్లు. జయదేవ అయినా, బొమ్మసంద్రలో నారాయణ అయినా, బెంగళూరు గుండె ఆస్పత్రుల్లో ఏ ఓపీ ముందు నిలబడినా అనంతపురం, చిత్తూరు యాస వినిపిస్తుంది. ఇక్కడికి వచ్చే తెలుగు డాక్టరుకి అది సగం బలం. కన్నడ కూడా నేర్చుకోండి, నెల రోజుల్లో పని నడిచేంత వచ్చేస్తుంది.

ఇక ఆ బొమ్మల్లో ఏం చూస్తాం? గాడోలినియం (ఎంఆర్‌ఐకి ఇచ్చే కాంట్రాస్ట్ మందు) ఇచ్చి పది నిమిషాలు ఆగి తీస్తే మచ్చ తెల్లగా వెలుగుతుంది. రక్తం ఆగినప్పుడు ముందు చచ్చేది గోడ లోపలి పొర. కాబట్టి ఎటాక్ మచ్చ లోపలి పొరని తాకి ఉంటుంది. లోపలి పొర నల్లగా బాగుండి, నడిమిలోనో బయటి అంచులోనో తెల్లగా ఉంటే మయోకార్డైటిస్ (గుండె కండరం వాపు) లాంటివి ఆలోచించాలి. ఇంత చిన్న విషయం తెలిస్తే కొందరికి స్టెంట్ ప్రశ్నే రాదు.

ఇప్పుడు చోటు ఎంచుకోవడం. ఇంటర్వ్యూలో అందరూ అడిగేది ఏ కంపెనీ మెషిన్ ఉంది, ఎన్ని టెస్లా (ఎంఆర్‌ఐ అయస్కాంతం బలం) అని. దానికన్నా, మొదటి రిపోర్టు ఎవరు రాస్తారో అడగండి. ఫెలో రాస్తే, దాన్ని ఎవరు దిద్దుతారు, ఎప్పుడు, ఫెలో పక్కన కూర్చుని ఉండగానేనా అని అడగండి. వాల్వ్ ఆపరేషన్ అప్పుడు టీఈఈ ప్రోబ్ (నోటిలోంచి ఆహారనాళంలోకి దింపే ఎకో ప్రోబ్) పట్టుకుని ఓటీలోకి ఫెలోని రానిస్తారా? సర్జన్లతో కలిసి కేసులు చూసే మీటింగ్ ఉందా? గుండె ఎంఆర్‌ఐ చాలాచోట్ల రేడియాలజీ చేతిలో ఉంటుంది, కార్డియాలజీ ఫెలో అక్కడ చుట్టంలా కూర్చోవాల్సి వస్తుంది. రేడియాలజీ వాళ్లకి ఎకో రూమ్‌లో అదే కథ. రెండు డిపార్ట్‌మెంట్లు మాట్లాడుకునే ఆస్పత్రేనా అనేది ముందే తెలుసుకోండి.

నేను ఇక్కడికి రాకముందు ఒక చోట మూడు నెలలు ఉన్నాను, పేరు అనవసరం. రోజుకి నలభై ఎకోలు. చెయ్యి తిరిగింది, కాదనను. ఆ మూడు నెలల్లో ఒక్కసారి కూడా నా రిపోర్టు తప్పని ఎవరూ అనలేదు. మొదట్లో గర్వంగానే ఉండేది. తర్వాత అర్థమైంది, ఎవరూ చదవడం లేదని.

లెక్కలు కావాలంటే, 2015లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ ఇచ్చిన కొకాట్స్ (గుండె డాక్టర్ల శిక్షణ ప్రమాణాలు) నాలుగో కూర్పు చూడండి. లెవెల్ 2 ఎకోకి, అంటే సొంతంగా రిపోర్టు ఇవ్వగలిగే స్థాయికి, మొత్తం ఆరు నెలలు, స్వయంగా చేసినవి 150, చదివినవి 300. ఎంఆర్‌ఐ లెవెల్ 2కి మూడు నెలలు, 150 కేసులు. మీరు వెళ్లబోయే చోట ఏడాదికి వచ్చే ఎంఆర్‌ఐ కేసులని ఫెలోల సంఖ్యతో భాగిస్తే తేలిపోతుంది. సర్టిఫికెట్ యూనివర్సిటీ ఇస్తుందా, ఆస్పత్రి సొంతంగా ఇస్తుందా అన్నది కూడా రాతపూర్వకంగా అడగండి. స్టైపెండ్ సంగతి అడగడానికి మొహమాటపడకండి, ఈ ఊళ్లో అద్దెలకి మొహమాటం లేదు.

చివరగా, హెచ్‌ఓడీని కలిశాక నేరుగా క్యాంటీన్‌కి వెళ్లండి. అక్కడ ఇప్పుడు చేస్తున్న ఫెలో దొరుకుతారు. కాఫీ ఇప్పించి, "మీ రిపోర్టు తప్పని ఆఖరిసారి ఎవరు చెప్పారు, ఎప్పుడు?" అని అడగండి. "నిన్ననే" అని నవ్వితే అప్లికేషన్ నింపండి. కాసేపు ఆలోచించాల్సి వస్తే కాఫీ తాగి వచ్చేయండి.

వచ్చే వీడియోలో మైట్రల్ స్టెనోసిస్‌కి (మైట్రల్ వాల్వ్ ఇరుకవడానికి) విల్కిన్స్ స్కోరు, అంటే ఎకోలో ఆ వాల్వ్ ఎంత పాడైందో చెప్పే లెక్క, వేద్దాం. మీ దగ్గర క్లిప్‌లు ఉంటే ఆస్పత్రి అనుమతి తీసుకుని, పేరు, నంబరు తీసేసి పంపండి. మూడో గడిలో ఏముందో కూడా రాయండి.