కాలువ నుంచి నదిలోకి నారోబోట్: ఆక్స్‌ఫర్డ్ దగ్గర థేమ్స్‌లోకి దిగడం ఎలా

[తెర మీద: ఆక్స్‌ఫర్డ్ కాలువ చివర ఐసిస్ లాకు (నీటిమట్టం మార్చి పడవను దించే గేట్ల గది). గేటు మెల్లగా తెరుచుకుంటోంది.]

కాలువలో ఇంజిన్ ఆగిపోతే నారోబోట్, అంటే ఇంగ్లండ్ కాలువల్లో తిరిగే ఈ సన్నని పొడవాటి పడవ, ఉన్నచోటే తేలుతూ ఉంటుంది. టీ పెట్టుకుని ఏం చేయాలో ఆలోచించుకోవచ్చు. నదిలో ఇంజిన్ ఆగినా పడవ ఆగదు. అడ్డం తిరిగి, ఏటివాలుకు, దిగువన ఉన్న ఆనకట్ట వైపు పోతూనే ఉంటుంది. కాబట్టి నదిలోకి దిగే పనిలో ముప్పాతిక వంతు కాలువ గట్టున కట్టేసి ఉండగానే అయిపోవాలి.

ఈ వీడియోలో మన పడవ పొడవు 57 అడుగులు, అంటే సుమారు 17 మీటర్లు. వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు. పడవ అడుగుభాగం బల్లపరుపు. నడిపేవాళ్లు వెనక నిలబడి చుక్కాని తిప్పే కర్రను, అంటే టిల్లర్‌ను పట్టుకుంటారు, ముక్కు దగ్గర ఏం జరుగుతోందో వాళ్లకు సరిగ్గా కనబడదు.

[తెర మీద: ఎరుపు, పసుపు బోర్డులు]

ముందు నది ఎలా ఉందో చూడండి. థేమ్స్ ఇక్కడ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ అనే ప్రభుత్వ సంస్థ చేతిలో ఉంది. ప్రవాహ హెచ్చరికలను లాకుల దగ్గర బోర్డుల మీద పెడతారు, వెబ్‌సైట్‌లోనూ ఉంటాయి. ఎరుపు బోర్డు ఉంటే ఏ పడవా బయల్దేరకూడదు. పసుపులో రెండు రకాలు. ‘ప్రవాహం పెరుగుతోంది’ అని ఉంటే ఇంజిన్ పడవలు కూడా క్షేమమైన చోటు చూసుకుని ఆగాలి. ‘తగ్గుతోంది’ అని ఉంటే ఇంజిన్ పడవలు జాగ్రత్తగా వెళ్లొచ్చు. ఆక్స్‌ఫర్డ్‌లో ఎండ కాస్తోందని మోసపోవద్దు, ఎగువన కాట్స్‌వోల్డ్స్ కొండల్లో కురిసిన వాన ఇక్కడికి ఆలస్యంగా వస్తుంది. ఎరుపు ఉంటే కాలువలోనే ఉండిపోండి. ఇందులో బేరాల్లేవు.

లైసెన్స్ కూడా వేరే. కాలువది, కాలువలను చూసుకునే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ ఇస్తుంది, అది థేమ్స్ మీద చెల్లదు. అద్దె పడవైతే నదిలోకి తీసుకెళ్లడానికి అనుమతి ఉందో లేదో కంపెనీని ముందే అడగండి.

[తెర మీద: ముందు డెక్ మీద లంగరు, గొలుసు, తాడు]

ఇప్పుడు లంగరు. ఈ పొడవు పడవకు 20 కిలోల దాకా ఉన్న లంగరు, దానికి కొన్ని మీటర్ల గొలుసు, ఆపైన లావుపాటి నైలాన్ తాడు కావాలి. గొలుసూ తాడూ కలిపి నీటి లోతుకు కనీసం 5 రెట్లు ఉండాలి. గొలుసు ఎందుకంటే, దాని బరువుకే లంగరు పడుకుని నేలలో దిగుతుంది. ఉత్త తాడైతే లంగరు పైకి లేచి జారుతూ వస్తుంది. తాడు రెండో కొసను ముక్కు దగ్గరున్న ఇనుప గుంజకు (స్టడ్) ఇప్పుడే కట్టేయండి. కొస కట్టకుండా లంగరు విసిరితే అది నదికే. లంగరు వేసేటప్పుడు తాడు చుట్టల మధ్య కాలు ఉండకూడదు.

లంగరు లాకర్‌లో, బొగ్గు సంచుల కింద ఉంటే లేనట్టే లెక్క.

ఇంజిన్ దగ్గర చూడాల్సింది వీడ్ హ్యాచ్ మూత. వీడ్ హ్యాచ్ అంటే పడవ లోపలి నుంచే ప్రొపెల్లర్‌ను అందుకునే కంత. ప్రొపెల్లర్‌కు చుట్టుకున్న చెత్త తీశాక దాన్ని సరిగా బిగించకపోతే, నదిలో వేగం పెంచగానే నీళ్లు ఇంజిన్ గదిలోకి ఎగజిమ్ముతాయి. పడవ మునిగేది ఇలాగే. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) మట్టం చూడండి. కాలువలో నెమ్మదిగా తిరిగిన ఇంజిన్ నదిలో గట్టిగా తిరగాల్సి వస్తుంది, వేడెక్కే గుణం అప్పుడే బయటపడుతుంది. డీజిల్ ఫిల్టర్ పాతదైతే మార్చండి, టాంకు అడుగున పేరుకున్న మడ్డి అలల కుదుపుకు లేచి ఫిల్టర్‌ను మూసేస్తుంది.

పడవ ముందువైపు తలుపులు మూసేయండి. అందరికీ లైఫ్ జాకెట్లు, కాళ్ల మధ్య పట్టీతో సహా. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు ‘మాకెందుకమ్మా’ అన్నా సరే, వాళ్లకూ వేయాల్సిందే.

[తెర మీద: పై నుంచి చూపు. లాకు, షీప్‌వాష్ చానల్, థేమ్స్]

ఐసిస్ లాకు దాటగానే కుడికి మళ్లితే షీప్‌వాష్ చానల్ అనే చిన్న పాయ. రైలు వంతెన కింద నుంచి పడమరగా సాగి థేమ్స్‌లో కలుస్తుంది. అక్కడ ఎడమకు తిరిగితే ఏటివాలు, ఆస్నీ లాకు వైపు. కుడికి తిరిగితే ఏటికి ఎదురు, లెచ్‌లేడ్ ఊరి వైపు.

చానల్ చివర వేగం తగ్గించి ఒక పొడవాటి హారన్ కొట్టండి. ముక్కు దగ్గర ఒక మనిషి నిలబడి రెండు వైపులా చూసి చేయి ఊపాలి. నదిలో వచ్చే పడవలకు దారివ్వండి.

అసలు చిక్కు ఇక్కడే. ముక్కు పారే నీళ్లలోకి వెళ్తుంది, వెనక భాగం ఇంకా నిలకడ నీళ్లలోనే ఉంటుంది. ప్రవాహం ముక్కును పక్కకు నెడుతుంది, పడవ గడియారం ముల్లులా తిరగడం మొదలవుతుంది. లెక్క చూడండి. ప్రవాహం సెకనుకు 1 మీటరు అనుకుందాం. మీరూ అదే వేగంతో బయటికొస్తే, 17 మీటర్ల పడవ మొత్తం రావడానికి 17 సెకన్లు. అప్పటికి ముక్కు దాదాపు ఒక పడవ పొడవు దిగువకు పోతుంది. వేగం రెట్టింపు చేస్తే ఆ సమయం సగమవుతుంది.

భయపడి త్రాటిల్, అంటే ఇంజిన్ వేగం, తగ్గించడమే అందరూ చేసే పొరపాటు. చుక్కాని పనిచేసేది ప్రొపెల్లర్ తోసిన నీళ్లు దానికి తగిలినప్పుడే. త్రాటిల్ తీసేస్తే టిల్లర్ చేతిలో ఉత్త కర్రే.

ఎడమకు, ఏటివాలుకు తిరిగేటప్పుడు తొందరపడి మళ్లించొద్దు. సగం పడవ బయటికొచ్చేదాకా తిన్నగా పోనివ్వండి, ఆ తర్వాతే టిల్లర్ కుడికి తోయండి (టిల్లర్ కుడికి తోస్తే ముక్కు ఎడమకు తిరుగుతుంది). ముందే తిప్పితే ప్రవాహం పడవ నడుమును చానల్ నోటి దిగువ మూలకు నొక్కి పట్టేస్తుంది. అదే సమయంలో వెనక భాగం ఎగువ మూల వైపు విసురుతుంది, అటూ ఒక కన్నేయండి.

కుడికి, ఎదురుగా వెళ్లాలంటే దీనికి తలకిందులు. తిప్పడం త్వరగా మొదలుపెట్టాలి, త్రాటిల్ ఎక్కువ ఇవ్వాలి, ముక్కు పూర్తిగా ఎగువకు తిరిగేదాకా తగ్గించకూడదు. ఇక్కడ వెనక భాగం దిగువ మూల వైపు విసురుతుంది, ఆ పక్క ఖాళీ ఉంచుకోండి.

[తెర మీద: ఆస్నీ వంతెన]

ఎడమకు తిరిగినవాళ్లకు ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు. కొద్ది దూరంలోనే ఆస్నీ వంతెన. మామూలు నీటిమట్టంలో దాని కింద ఎత్తు 7 అడుగుల 6 అంగుళాలే, నీళ్లు పెరిగితే అదీ ఉండదు. పొగగొట్టం, సైకిళ్లు, పూలకుండీలు ముందే దించేయండి. కప్పు మీద ఎవరూ ఉండకూడదు. వంతెనల దగ్గర ఏటివాలుకు వచ్చే పడవకే ముందు దారి, ఎందుకంటే అది ఆగలేదు.

దారిలో కట్టేయాలంటే ఎప్పుడూ ముక్కు ఎగువకు ఉంచి ఆగాలి. ఏటివాలుకు వస్తున్నవాళ్లు ఆ చోటు దాటి, వెడల్పు ఉన్నచోట తిప్పుకుని వెనక్కి రావాలి. ముందు కట్టేది ముక్కు తాడు. ముక్కు దిగువకు ఉండగా ముక్కు తాడు కట్టారంటే వెనక భాగం నది మధ్యకు తిరుగుతుంది.

ఆస్నీ లాకు పక్కనే ఆనకట్ట ఉంది, బాణం గుర్తు చూసి లాకు వైపే ఉండండి. లోపలికి వెళ్లాక ఇంజిన్ ఆపాలి, థేమ్స్ లాకుల్లో అది నియమం. ముందొక తాడు, వెనకొక తాడు గట్టు మీది బొల్లార్డ్ (పొట్టి గుంజ) చుట్టూ ఒక చుట్టు తిప్పి చేత్తో పట్టుకోండి. ముడి వేయకండి. నీళ్లు దిగుతుంటే తాడు వదులుతూ ఉండాలి, ముడి వేస్తే పడవ ఒక పక్క వేలాడుతుంది.