సముద్రపు ఒడ్డున చెక్క దడి

శ్రోతలకు నమస్కారం.

సముద్రానికి దగ్గరలో ఇల్లు కట్టుకున్నవారికి రెండు కోరికలు ఒకేసారి కలుగుతాయి. కెరటం కనబడాలి, గాలి ధారాళంగా రావాలి అన్నది ఒకటి. దారిన పోయేవారి చూపు మన వరండాలోకి, పెరట్లో బట్టలు ఆరేసిన తీగ మీదకు రాకూడదన్నది రెండవది. ఈ రెండవ కోరిక తీర్చుకోవడానికి మనలో చాలామంది ప్రహరీ గోడ కట్టిస్తారు. ఉప్పుగాలి తగిలే చోట సిమెంటు స్తంభాల లోపలి ఇనుప చువ్వలు తుప్పుపట్టి, ఉబ్బి, పైపెచ్చులను ఊడదోయడానికి అట్టే కాలం పట్టదు కనుకను, నిండు గోడ కడితే ఇంట్లో గాలి ఆడదు కనుకను, నాబోటివారు కొందరు చెక్క వైపు మొగ్గుతారు. భీమిలి దారిలో ఉన్న మా ఇంటికి నేను రెండుసార్లు చెక్క దడి కట్టించాను. మొదటిది ఎందుకు పడిపోయిందో, రెండవది ఎందుకు నిలిచిందో ఈ పూట మీకు వివరిస్తాను.

దడి అన్న మాటను నేను కావాలనే వాడుతున్నాను. కంచె పశువుల కోసం వేసుకునేది, ప్రహరీ దొంగల కోసం కట్టుకునేది. దడి మాత్రం కేవలం చూపు కోసం. తాటాకులో కొబ్బరి మట్టలో అల్లి, సరుగుడు గుంజలకు బిగించి, స్నానాల చాటుకని మన పెద్దలు కట్టుకున్నది అదే. చెక్కతో కట్టినంత మాత్రాన దాని స్వభావం మారనక్కరలేదన్న సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు మా మొదటి దడి వయసు నాలుగేళ్లు. ఆరడుగుల ఎత్తున, పలకకూ పలకకూ మధ్య సందు లేకుండా, ఎనిమిది అడుగులకొక సరుగుడు గుంజ చొప్పున, గుంజను రెండడుగుల లోతున పాతి కట్టించాను. గాలి తెరిపి ఇచ్చాక బయటకు వచ్చి చూస్తే, పలకల్లో ఒక్కటి కూడా విరగలేదు. దడి మొత్తం ఒకే ముక్కగా, పరిచిన చాపలాగా మందార మొక్కల మీద పడుకొని ఉంది. గుంజలన్నీ నేల మట్టానికి సరిగ్గా ఒకే చోట విరిగాయి.

మా వీధి చివర వలలు అల్లే పెద్దాయన ఒకరు ఉండేవారు. ఆయన ఇంటి తాటాకు దడిలో ఆకులన్నీ ఎగిరిపోయాయి గాని, గుంజలు కాస్త ఒరిగి నిలిచే ఉన్నాయి. వారం తిరక్కుండా మళ్లీ ఆకు కట్టుకున్నారు. మా దడిని చూసి ఆయన అన్న మాట ఇది: "తమరు కట్టింది దడి కాదు బాబూ, తెరసాప. తెరసాపకి గాలి పడితే ఊరుకుంతాదేటి?"

ఆయన చెప్పినదాన్ని లెక్కలోకి మార్చి చూద్దాం. గాలి వేగం రెట్టింపైతే దాని తోపుడు నాలుగు రెట్లవుతుంది. గంటకు 180 కిలోమీటర్ల గాలి, అంటే సెకనుకు 50 మీటర్ల గాలి, చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల బరువుతో సమానమైన ఒత్తిడిని కలిగిస్తుంది. విశాఖ తీరంలో కట్టడాలకు మన ప్రమాణాలు లెక్కకు తీసుకోమన్న వేగం కూడా ఇదే. ఆరడుగుల ఎత్తు, ఎనిమిది అడుగుల వెడల్పు ఉన్న నిండు దడి భాగం మీద ఆ లెక్కన దాదాపు 680 కిలోల తోపుడు పడుతుంది, అదంతా ఒక్క గుంజ మొదట్లో తేలుతుంది. పైగా ఎత్తు పెరిగినకొద్దీ గాలి తగిలే మేర పెరగడమే కాక, గునపానికి పిడి పొడుగైనట్టు, విరిచే బలం కూడా పెరుగుతుంది. అయిదడుగుల దడిని ఆరడుగులకు పెంచితే గుంజ మొదట్లో విరుపు సుమారు ఒకటిన్నర రెట్లవుతుంది. దారిలో నిలబడ్డ మనిషి కంటిమట్టం ఎంతో ముందు కొలుచుకొని, దానికి మించి ఒక్క అంగుళం కూడా పెంచకపోవడం మంచిదని నేను అనుభవం మీద అంటున్నాను. మా రెండవ దడి ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు.

నిండు దడికి ఇంకొక దోషం ఉంది. అది గాలిని ఆపుతుందనుకుంటాం గాని, గాలి దాని మీదుగా దూకి, లోపలివైపు సుడి తిరిగి, ఇసుకను తెచ్చి మన గడపలోనే పోస్తుంది. కొంత గాలిని తనలోంచి పోనిచ్చే దడి వెనుక గాలి నెమ్మదించి, ఆ నెమ్మది చాలా దూరం నిలుస్తుంది. 1977 నాటి దివిసీమ ఉప్పెన తరువాత మన తీరం వెంట సరుగుడు తోటలు పెంచడంలోనూ ఇదే కిటుకు ఉంది. సరుగుడు తోపు గాలిని నిలవేయదు, జల్లెడ పడుతుంది.

మరి సందులు విడిచిన దడి చూపును ఎలా ఆపుతుంది? పలకలను రెండు వరుసల్లో, ఒకటి లోపలివైపు, ఒకటి బయటివైపు, మార్చి మార్చి బిగించాలి. మధ్యలో రెండంగుళాల మందం గల అడ్డకర్రలు ఉంటాయి. అయిదంగుళాల వెడల్పు పలకలు తీసుకొని, ఒక వరుసలో పలకకూ పలకకూ మధ్య మూడంగుళాలు విడిస్తే, ఎదుటి వరుసలోని పలక ఆ సందును మూసి, రెండువైపులా ఒక్కో అంగుళం కప్పుతుంది. ఎదురుగా నిలబడినవారికి ఏమీ కనబడదు. బాగా ఓరగా చూసినవారికి సన్నని చీలికలోంచి ఒక గీత మాత్రం కనబడుతుంది, దానికి మనం చేయగలిగింది లేదు. గాలి మాత్రం రెండు వరుసల మధ్య మెలిక తిరిగి లోపలికి వస్తుంది. ఈ పద్ధతిలో ఇంకో సుఖం కూడా ఉంది. బయటివారికీ మనకూ దడి ఒకేలా కనబడుతుంది గనుక, వెనుకవైపు ఎవరికి అన్న తగవు ఇరుగుపొరుగుల మధ్య రాదు.

గుంత తవ్వేముందు చట్టం సంగతి చూసుకోవాలి. 2019 జనవరిలో వెలువడిన సీఆర్‌జెడ్, అంటే తీరప్రాంత నియంత్రణ నిబంధనల ప్రకారం సముద్రపు పోటు గీత నుంచి లోపలికి 500 మీటర్ల వరకు తీర నియమాల పరిధిలోకి వస్తుంది. పల్లె ప్రాంతాల్లో 200 మీటర్ల వరకు, 2011 జనగణన ప్రకారం చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి జనం ఉన్నచోట 50 మీటర్ల వరకు కొత్త కట్టడాలకు నిషేధం ఉంది. ఇసుక దిబ్బలు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు అన్నింటికంటే కఠినమైన రక్షణలో ఉన్నాయి. కాబట్టి ఎంత చిన్న పనైనా పంచాయతీలోనో మునిసిపాలిటీలోనో ముందు అడిగి రావాలి. సముద్రం వైపు దడి అసలు వద్దనే నా అభిప్రాయం. ఆ వైపు మొగలి పొదలు ఉంటే వాటిని ఉంచండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రివేళ ఒడ్డుకు వస్తాయి. మన వరండా దీపాలు చూసి వాటి పిల్లలు సముద్రం అనుకొని ఇంటి వైపు పాకివస్తాయి. ఆ వెలుగుకు మొగలి పొద మంచి చాటు.

ఇక కర్ర. తీరంలో చవకగా దొరికేవి సరుగుడు, జామాయిల్ వాసాలు. రెండూ నిటారుగా, అందంగా ఉంటాయి గాని నేలలో పాతితే త్వరగా పోతాయి. టేకు మంచిదని అందరూ అంటారు. అది సగం నిజం. టేకులో చేవ ఉన్న భాగమే మంచిది, అంచున ఉండే తెల్లచెక్కను చెదలు మామూలు కర్రను తిన్నట్టే తింటాయి. అడితిలో పలకను తిప్పి, అంచు చూసి, తెలుపు గీత ఉన్నదాన్ని పక్కన పెట్టించాలి. రాగి లవణాల మందును ఒత్తిడితో లోపలికి ఎక్కించిన కర్ర కూడా నేలలో బాగా నిలుస్తుంది. దాన్ని కోసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, మిగిలిన ముక్కలను నీళ్ల పొయ్యిలో కూడా పెట్టకూడదు, ఎందుకంటే ఆ మందులో తరచు ఆర్సెనిక్ ఉంటుంది.

గుంజ ఎక్కడ కుళ్లుతుందో తెలిస్తే సగం పని అయినట్టే. పైభాగం తడిసినా ఎండుతుంది. బాగా లోతున తడి ఉన్నా గాలి చాలదు. తడీ గాలీ రెండూ కలిసే చోటు నేల మట్టం, అక్కడే బూజు బతుకుతుంది. మా మొదటి దడి గుంజలు విరిగిన చోట తాళంచెవి గుచ్చి చూశాను. పైన పెంకు గట్టిగానే ఉంది, లోపల మాత్రం తాళంచెవి మగ్గిన అరటిపండులోకి దిగినట్టు దిగింది. గాలి తోపుడు సగం, ఈ కుళ్లు సగం కలిసి దడిని పడగొట్టాయన్న మాట.

అందుకని రెండవసారి ఆరడుగులకొక గుంజ చొప్పున, నాలుగంగుళాల చదరపు చేవకర్రను, ఇసుక నేల గనుక నాలుగడుగుల లోతున దించాము. గుంత అడుగున ఆరంగుళాల మేర కంకర పోసి, గుంజ కొన నేరుగా ఆ కంకర మీదనే ఆనేటట్టు పెట్టి, దాని చుట్టూ మాత్రమే కాంక్రీటు పోయించాను. అడుగు కూడా కాంక్రీటుతో మూసేస్తే, గుంజను గిన్నెలో నిలబెట్టినట్టే, దిగిన నీరు అక్కడే నిలుస్తుంది. పైన కాంక్రీటును నేలకు రెండంగుళాలు ఎత్తుగా తెచ్చి, నాలుగువైపులా వాలుగా దిద్దించాలి. మేస్త్రీలు సాధారణంగా దాన్ని చదునుగా వదిలేస్తారు, దగ్గరుండి చేయించుకోవాలి. పలకల అడుగు నేలకు తగలకుండా రెండంగుళాలు పైన ఉండాలి. కోసిన ప్రతి కొనకూ మందు పట్టించాలి, ఎందుకంటే కర్ర నీళ్లు తాగేది ఎక్కువగా కొనలోంచే.

మేకుల విషయంలో చేసిన పొదుపు నాకు అన్నింటికంటే ఖరీదైంది. ఉప్పుకు తేమను పీల్చే గుణం ఉంది, గాలిలో తేమ 75 శాతం దాటితే తనంతట తానే నీరుకారుతుంది. మన తీరంలో అది అరుదైన సంగతి కాదు. అంటే వాన లేకపోయినా మేకు ఉప్పునీటిలోనే ఉంటుంది. మామూలు ఇనుప మేకు టేకులోకి దిగితే కర్రలోని వగరుతో కలిసి, ఒక్క వానకే మేకు కింద కాటుక కారినట్టు నల్లని చార పడుతుంది. పైపైన జింకు పూసిన మెరిసే మరమేకులు ఏడాదిలో ఎరుపెక్కుతాయి. స్టెయిన్‌లెస్ స్టీలులో 316 రకం కొనండి. 304 కంటే అందులో మాలిబ్డినం అదనంగా ఉండి ఉప్పుకు తట్టుకుంటుంది. రెంటికీ కంటికి తేడా తెలియదు, అయస్కాంతానికీ తెలియదు. బోల్టు తల మీద ఏ4 అని చెక్కి ఉంటే అది 316, ఏ2 అని ఉంటే 304. మరమేకు బిగించేముందు సన్నని రంధ్రం వేయకపోతే పలక అంచు చీలుతుంది.

పూతల గురించి పెద్దగా చెప్పను. వార్నిష్ మాత్రం వద్దు, ఎండకు పొర పగిలి, కింద తడి చేరి, పొక్కులు లేస్తుంది. రంగు కావాలంటే కర్రలోకి ఇంకే నూనె రంగు వేసి, ఏటా మళ్లీ పూసుకోవచ్చు. పడవలకు పూసే జీడి తొక్కల నూనె గుంజలకు మంచిదే గాని, చేతికి తగిలితే చర్మం పొక్కుతుంది, తొడుగులు లేకుండా ముట్టకండి. పలకలకు నేను ఏ పూతా వేయలేదు. టేకు చేవ ఎండకు బూడిద రంగుకు తిరుగుతుంది, ఆ మార్పు పైపొరతోనే ఆగిపోతుంది.

పని పెట్టుకోవడానికి జనవరి, ఫిబ్రవరి అనుకూలం. ముందు రెండు చివరి గుంజలు పాతి, వాటి మధ్య దారం లాగి, మిగతావి దారానికి తగిలీ తగలనట్టు నిలపాలి. ప్రతి గుంజనూ రసమట్టంతో రెండు పక్కల చూడాలి. కాంక్రీటు పోసిన వారం దాకా పలకలు ఎక్కించవద్దు. తలుపు ఉంటే దాని ఐమూల కర్ర కింది బందు దగ్గర మొదలై, గడియ వైపు పై మూలకు ఎక్కాలి. తిరగేసి కొడితే తలుపు నెల తిరక్కముందే వాలిపోయి నేలను గీస్తుంది.

ఆ తరువాత మిగిలేది మంచినీళ్లతో కడగడమే. వేసవిలో పదిహేను రోజులకొకసారి గొట్టంతో దడి మీది ఉప్పును దింపుతాను. ఏటా తుపానుల కాలానికి ముందు, సెప్టెంబరులో, ప్రతి గుంజ మొదలూ తాళంచెవితో గుచ్చి చూస్తాను. మొన్నటి ఈదురుగాలికి బయటి వరుసలో మూడు పలకలు ఊడాయి, గుంజలు కదలలేదు. ఒక పూటలో కొత్తవి బిగించాము. మిగతా దడి అంతా బూడిద రంగులో ఉంటే, అవి మూడూ ఎర్రగా దారినపోయేవారికి కూడా కనబడుతున్నాయి. వచ్చే వేసవికి వాటి రంగూ తిరుగుతుంది.

సెలవు. నమస్కారం.