వంగిన దూలానికి ఇనుము బిగించే ముందు

[మిద్దె లోపల. దూలం కింద ఈ చివర నుంచి ఆ చివరకు బిగించి కట్టిన దారం.]

తాడిపత్రి దగ్గర ఒక పల్లెలో పాత మట్టి మిద్దె ఇది. వేప దూలం, దాని మీద దంతెలు అనే అడ్డకర్రలు, వాటిపైన నాపబండలు, అన్నింటికీ పైన చవుడు మట్టి. ఈ దారం చూడండి. గోడల దగ్గర దారానికీ దూలానికీ మధ్య నాలుగు వేళ్లు పడుతున్నాయి. నడిమికి వచ్చేసరికి ఒక్క వేలే దూరుతోంది. అంటే మూడు వేళ్ల వంపు.

"రెండు ఇనుప పట్టాలు బిగించి పో నాయనా" అన్నారు ఇంటి అవ్వ. బిగిద్దాం. కానీ ముందు మిద్దె మీద ఏముందో చూడాలి.

[మిద్దె పైన, గోడ పక్కన తవ్విన చిన్న గుంత. అందులో నిలబెట్టిన స్కేలు.]

అడుగు లోతు మట్టి! ఏటా వానలకు ముందు కొత్త చవుడు పోశారు, పాతది గీకి తీయలేదు. చవుడు తప్పేమీ లేదు. అందులోని సోడియం వల్ల తడిసిన బంకమన్ను రేణువులు విడిపోయి సందులన్నీ పూడుస్తాయి, నీరు కిందికి దిగదు. మన పెద్దలు దాన్ని ఊరికే ఎంచుకోలేదు. బరువే చిక్కు. ఘనపు మీటరు మట్టి సుమారు 1600 కిలోలు తూగుతుంది. ఈ గది 3 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల పొడవు. ఇందులో సగం మట్టి, అంటే 15 సెంటీమీటర్లు తీసేస్తే దాదాపు 3 టన్నుల బరువు దిగిపోతుంది. తడిసిన మట్టయితే ఇంకా ఎక్కువ.

[బల్ల మీద రెండు వెదురు బద్దలు. ఒకటి బరువుకు వంగి ఉంది.]

ఇక అసలు సంగతి. వంగి బరువు మోస్తున్న బద్ద పక్కన, అదే వంపులో ఇంకో బద్ద కట్టాను. కొత్తది ఏమైనా మోస్తోందా? లేదు. ఇకపై వచ్చే బరువులోనే దానికి వాటా. ఇనుమూ అంతే. పాత బరువు దించకుండా బిగిస్తే అది దూలానికి నగలా వేలాడుతుంది.

[దూలం కింద స్క్రూ జాకీ, దాని కింద మందపాటి పలక.]

కాబట్టి మొదట దూలం నడుమ గుంజ నిలిపి, జాకీతో ఆనించాలి. ఆ తరువాతే పైకి ఎక్కి, రెండు వైపులా సమంగా మట్టి తీయాలి. తీసిన మట్టిని మిద్దె మీదే కుప్ప పోయకండి. జాకీ నిలిపే చోట నేల కొట్టి వినండి. ఈ ఇళ్లలో కింద పాత ధాన్యపు పాతర ఉండవచ్చు. మా జాకీని రెండడుగులు పక్కకు జరిపింది ఆ బోలు శబ్దమే.

జాకీని రోజుకు కొన్ని మిల్లీమీటర్లే తిప్పండి. ఏళ్ల తరబడి వంగిన కర్ర పూర్తిగా నిటారు కాదు, చేయాలని పట్టుబడితే బండలు పగులుతాయి.

[స్క్రూడ్రైవర్‌తో దూలం చివర పొడుస్తున్న చేయి.]

గోడలో కూర్చున్న చివరలను పొడిచి చూడండి. ఇక్కడ మొన అంగుళం లోపలికి మెత్తగా దిగింది. ఇలా పుచ్చిన చివరకు నడుమ ఎంత ఇనుము పెట్టినా లాభం లేదు. ఇనుప పట్టాలను గట్టి కర్ర నుంచి గోడలోకి పొడిగించి, కొత్త రాతి దిమ్మె మీద కూర్చోబెట్టాలి. కర్ర చివర చుట్టూ గాలి ఆడే సందు వదలండి, సిమెంటుతో పూడ్చవద్దు.

పట్టాలను దూలం పక్కలకు ఆనించి, పడుకోబెట్టకుండా నిలువుగా పెట్టండి. లోతు రెట్టింపయితే వంగకుండా నిలిచే బిగువు ఎనిమిది రెట్లవుతుంది, వెడల్పు రెట్టింపయితే రెండు రెట్లే. బోల్టుల రంధ్రాలు దూలం లోతులో సగం ఎత్తున పడాలి. దూలం కింది అంచును మాత్రం తాకవద్దు, లాగుడంతా అక్కడే ఉంటుంది. ఆ అంచున అడ్డంగా చీలిక కనిపించినా, గోడ ఉబ్బినా గది ఖాళీ చేసి ఇంజినీరును పిలవండి.

గది మధ్య స్తంభం అడ్డం కాదనుకుంటే ఇంత శ్రమ అక్కరలేదు. నడుమ గట్టి పునాది మీద ఒక స్తంభం నిలిపితే దూలాన్ని వంచే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. నా ఓటు దానికే. అవ్వ మాత్రం ఒప్పుకోలేదు, మంచం ఎక్కడ వేయాలని అడిగారు.

[బోల్టులు బిగిశాయి. జాకీ నెమ్మదిగా దిగుతోంది. దారం దగ్గర వేళ్లు.]

నడిమిలో ఇప్పుడు రెండు వేళ్లు పడుతున్నాయి. గోడ మీద గీత గీసి, పక్కన తేదీ రాశాం. వానాకాలం దాటాక మళ్లీ వచ్చి కొలుస్తాం.