కంప్యూటర్‌కి వైరస్ పట్టిందా? ఫార్మాట్ కొట్టే ముందు ఇది చూడండి

నమస్తే అండీ. "సిస్టమ్ స్లో అయింది, వైరస్ పట్టినట్టుంది, ఫార్మాట్ కొట్టెయ్యమంటారా?" తెలిసినవాళ్లలో ఎవరో ఒకరు నన్ను ఈ మాట అడగకుండా వారం గడవదు. ఫార్మాట్ ఎప్పుడైనా కొట్టుకోవచ్చు. పట్టింది వైరసేనా, అది ముందు తేల్చుకుందాం. నేను చూపించేది విండోస్ 11లో. 10లో మెనూలు కాస్త అటూఇటుగా ఉంటాయి, పని మాత్రం ఇదే.

కుడివైపు కింద మూలన "మీ కంప్యూటర్లో 5 వైరస్‌లు ఉన్నాయి" అని ఎర్రెర్రగా పాప్-అప్‌లు వస్తున్నాయా? చాలాసార్లు అది వైరస్ కాదండీ. ఎప్పుడో ఏదో సైట్లో "అలౌ" నొక్కేసి ఉంటారు, ఆ సైట్ నోటిఫికేషన్లు పంపుతోంది, అంతే. క్రోమ్ సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. ఇదిగో ఈ లిస్టులో తెలియని పేరు కనిపిస్తే, పక్కన మూడు చుక్కలు నొక్కి తీసేయండి. ఆ పాప్-అప్‌లో ఫోన్ నంబర్ ఉంటే దానికి చచ్చినా చెయ్యకండి. ఫోనెత్తేవాడే అసలు వైరస్.

మరి నిజంగా పడితే ఎలా ఉంటుంది? విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ఆన్ చేస్తుంటే ఆన్ కాదు. లాగిన్ అవ్వగానే ఒక నల్ల విండో మెరిసి మాయమవుతుంది. మీరు పంపని మెసేజ్‌లు మీ పేరుతో వెళ్తుంటాయి. ఇలాంటివి కనిపిస్తే ముందు వైఫై ఆపండి, కేబుల్ ఉంటే పీకేయండి. మిగతాదంతా ఆ తర్వాతే.

ఇప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వచ్చింది. సీపీయూ అని రాసిన దగ్గర నొక్కితే ఎక్కువ తినేది పైకి వస్తుంది. పేరు చూసి మోసపోకండి. ఎస్‌వీసీహోస్ట్ అనేది విండోస్ సొంత ప్రోగ్రామే, డజన్ల కొద్దీ ఉంటాయి, అది మామూలే. కానీ రైట్ క్లిక్ చేసి "ఓపెన్ ఫైల్ లొకేషన్" కొట్టినప్పుడు సిస్టమ్ 32 బదులు టెంప్ ఫోల్డర్ తెరుచుకుందనుకోండి, అది దొంగదే. ఇంకో తమాషా ఉంది: ఫ్యాన్ హోరెత్తిపోతూ ఉండి, టాస్క్ మేనేజర్ తెరవగానే టక్కున శాంతించిందంటే అనుమానించాల్సిందే. మీ మెషిన్ మీద దొంగచాటుగా క్రిప్టో కరెన్సీ తవ్వుకునే మైనర్ ప్రోగ్రామ్‌లలో కొన్ని ఇలాగే నక్కుతాయి.

స్కాన్‌కి ముందు ఒక్కటి చూడండి. విండోస్ సెక్యూరిటీ, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, మేనేజ్ సెట్టింగ్స్, కిందికి వెళ్తే "ఎక్స్‌క్లూజన్స్", అంటే స్కాన్ చెయ్యకుండా వదిలేసేవాటి లిస్టు. ఒకసారి నా పాత ల్యాప్‌టాప్‌ని మూడుసార్లు స్కాన్ చేశాను, మూడుసార్లూ "ఏమీ లేదు" అంది. ఇక్కడికొచ్చి చూస్తే సీ డ్రైవ్ మొత్తం ఈ లిస్టులో ఉంది! ఇంటి దొంగ కదా, కాపలావాడికి "ఇటు చూడకు" అని ముందే చెప్పేసింది. మీరు పెట్టనిది ఏదున్నా తీసేయండి.

ఇప్పుడు కాసేపు నెట్ కలిపి డెఫినిషన్స్ (డిఫెండర్ వైరస్‌లను గుర్తుపట్టే వివరాలు) అప్‌డేట్ చేసుకుని, మళ్లీ ఆపేయండి. స్కాన్ ఆప్షన్స్‌లో "మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్" ఎంచుకోండి. తెరిచి ఉన్న ఫైళ్లు సేవ్ చేసుకోండి, ఎందుకంటే సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది. విండోస్ లోడ్ కాకముందే వెతుకుతుంది కాబట్టి, వైరస్‌కి లేచి దాక్కునే అవకాశం తక్కువ. సుమారు 15 నిమిషాలు పడుతుంది. ఫలితం ప్రొటెక్షన్ హిస్టరీలో ఉంటుంది.

దొరికింది, పోయింది. హమ్మయ్య అనుకుంటారు చాలామంది. ఇప్పటి వైరస్‌లు చాలావరకు పాస్‌వర్డ్‌లు ఎత్తుకుపోవడానికే వస్తాయి. మీరు తుడిచేసరికే అవి దాటిపోయి ఉండొచ్చు. అందుకని వేరే ఫోన్ నుంచో, శుభ్రంగా ఉన్న కంప్యూటర్ నుంచో ముందు ఈమెయిల్ పాస్‌వర్డ్, ఆ వెంటనే బ్యాంకుది మార్చండి. "అన్ని డివైజ్‌ల నుంచి సైన్ అవుట్" కూడా కొట్టండి, లేకపోతే కుకీలు (మీరు లాగిన్ అయ్యారని బ్రౌజర్ గుర్తుపెట్టుకునే ఫైళ్లు) దొంగిలించినవాడు పాస్‌వర్డ్ మారినా లోపలే ఉండిపోవచ్చు. అసలు ఎలా వచ్చిందో కూడా గుర్తు చేసుకోండి. క్రాక్ సాఫ్ట్‌వేరా? లేక "నేను రోబోట్ కాదు" అంటూ విండోస్, ఆర్ కీలు కలిపి నొక్కి, ఏదో పేస్ట్ చేసి, ఎంటర్ కొట్టమన్న పేజీనా? ఏ నిజమైన క్యాప్చా అలా అడగదు.

ఫైళ్ల పేర్ల చివర వింత అక్షరాలు చేరి, డబ్బు కట్టమని నోట్ కనిపిస్తే అది ర్యాన్సమ్‌వేర్. డబ్బు కట్టకండి, ఫైళ్లు డిలీట్ చెయ్యకండి. యూరప్ పోలీసు సంస్థ యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు, మరికొందరు కలిసి 2016లో మొదలుపెట్టిన "నో మోర్ ర్యాన్సమ్" సైట్లో తాళం పడిన ఫైళ్లను తెరిచే ఉచిత డిక్రిప్టర్లు ఉన్నాయి. అన్ని రకాలకీ ఉండవు గానీ, చూడకుండా వదులుకోవద్దు.

ఇంత చేసినా డిఫెండర్ ఆన్‌లో నిలబడకపోతే, అప్పుడు రీసెట్. ఫోటోలు, డాక్యుమెంట్లు మాత్రమే బయటి డిస్క్‌లోకి తీసుకోండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, "ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్" ఆన్ చేసి చూస్తే పీడీఎఫ్ వేషంలో ఉన్న ఈఎక్స్ఈలు, అంటే ప్రోగ్రామ్ ఫైళ్లు, బయటపడతాయి. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ ముందే రాసి పెట్టుకోండి. తర్వాత సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ, "రీసెట్ దిస్ పీసీ". "కీప్ మై ఫైల్స్" అని కూడా ఉంటుంది గానీ, నేనైతే "రిమూవ్ ఎవ్రీథింగ్", దాని తర్వాత నెట్ కలిపి, విండోస్‌ని కొత్తగా దించుకునే "క్లౌడ్ డౌన్‌లోడ్" ఎంచుకుంటాను. సిస్టమ్ లేచాక ముందు విండోస్ అప్‌డేట్ పూర్తి చేయండి. ఆ బయటి డిస్క్ తగిలించగానే, ఏ ఫైలూ తెరవకముందే దాని మీద రైట్ క్లిక్ చేసి స్కాన్ కొట్టండి.