రాకెట్ సముద్రంలో పడ్డ రోజు బాస్ ఏం చేశారు?

[స్క్రీన్ మీద: శ్రీహరికోట, 1979 ఆగస్టు 10]

టీమ్‌ని నడిపేవాళ్లకి అందరూ ఇచ్చే సలహా ఒకటుంది: పాజిటివ్‌గా ఉండు. ఎప్పుడు ఉండాలి, ఎలా ఉండాలి అని అడిగితే మాత్రం జవాబు దొరకదు. అందుకే ఇవాళ ఒక్క రోజు గురించే మాట్లాడుకుందాం. ఆ రోజు నమ్మకంగా ముందుకెళ్లడం ఒకసారి కొంప ముంచింది. కొద్దిసేపటికే ఇంకో రకం నమ్మకం అదే టీమ్‌ని నిలబెట్టింది.

ఎస్‌ఎల్‌వీ-3. సొంతంగా ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టడానికి మన దేశం తయారు చేసుకున్న మొదటి రాకెట్. ఎత్తు 22 మీటర్లు, బరువు 17 టన్నులు. మిషన్ డైరెక్టర్ అబ్దుల్ కలాం, ఇస్రో చైర్మన్ సతీష్ ధావన్.

[కౌంట్‌డౌన్ గడియారం ఆగుతుంది]

కౌంట్‌డౌన్ చివరి నిమిషాల్లో కంప్యూటర్ ఆపేసింది. ఎక్కడో లీకేజీ కనిపిస్తోంది. పక్కనే ఉన్న నిపుణులు లెక్కలు వేసి, నిల్వ సరిపడా ఉంది, భయం లేదన్నారు. కలాం కంప్యూటర్ని పక్కనపెట్టి రాకెట్‌ని వదిలేశారు. ఈ సంగతి ఆయనే తర్వాత చాలాసార్లు చెప్పారు.

మొదటి దశ బాగానే పనిచేసింది. రెండో దశ అదుపు తప్పింది. దాన్ని అదుపులో ఉంచే వ్యవస్థకి కావలసిన నైట్రిక్ యాసిడ్ అప్పటికే లీకైపోయింది. 317 సెకన్లకి అంతా అయిపోయింది. ఏళ్ల కష్టం బంగాళాఖాతంలో పడింది.

ఆ నిపుణులేమీ తెలివితక్కువవాళ్లు కాదు. లెక్క వేసే చెప్పారు. కానీ అన్ని సంవత్సరాలు ఎదురుచూసిన రోజు, అందరి మనసూ ‘వెళ్లిపోదాం’ అంటున్నప్పుడు, ‘ఆగుదాం’ అనే మాట ఎంత చిన్నగా వినిపిస్తుందో మనందరికీ తెలుసు. ఇక్కడ పాజిటివ్‌గా ఉండటం టీమ్‌కి మేలు చేయలేదు.

[స్క్రీన్ మీద: ప్రెస్ మీట్]

ఇప్పుడు విలేకరులు వచ్చి కూర్చున్నారు. కలాం అలసిపోయి, కుంగిపోయి ఉన్నారు. ధావన్ ఆయన్ని ముందుకు తోయలేదు. తనే మైకు ముందు కూర్చున్నారు. విఫలమయ్యామని ఒప్పుకున్నారు. మా వాళ్లు చాలా కష్టపడ్డారు, వాళ్లకి ఇంకా సాంకేతిక సహాయం కావాలి, ఏడాదిలో తప్పకుండా సాధిస్తారు అన్నారు.

గమనించండి. జరిగిందాన్ని ఆయన తక్కువ చేసి చూపలేదు. ‘పాక్షిక విజయం’ లాంటి మాటలు వాడలేదు. తిట్లు తన మీదికి తీసుకుని, నమ్మకాన్ని టీమ్‌కి ఇచ్చి, పైగా గడువు కూడా తనే పెట్టుకున్నారు. ఆ చివరిది చేయడానికి చాలా గుండె కావాలి, నన్నడిగితే.

ఏడాది తిరక్కముందే, 1980 జూలై 18న, రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. ఆ రోజు ప్రెస్ మీట్‌కి నువ్వే వెళ్లమని ధావన్ కలాంని పంపారు. ఇక్కడిదాకా వాట్సాప్‌లో మీరు చదివే ఉంటారు. చప్పట్లు కొట్టి అక్కడే ఆపేస్తారు. అసలు విషయం మధ్యలోని పదకొండు నెలల్లో ఉంది.

వైఫల్యం మీద సమీక్ష జరిగింది. కారణాలన్నీ సాంకేతికంగా చర్చించారు. అప్పుడు కలాం లేచి, లీకేజీని చిన్న విషయమని వదిలేసింది నేనే, లాంచ్ ఆపాల్సింది, బాధ్యత నాది అన్నారు. వేరే దేశంలో అయితే ఉద్యోగం పోయేదని కూడా అన్నారు. ధావన్ ఏం చేశారు? కలాంని నేనే కక్ష్యలో పెడతానని ఒక జోక్ వేసి సమావేశం ముగించారు. తర్వాతి ప్రయోగానికి కూడా టీమ్‌ని నడిపింది కలామే.

మైకు ముందు బాస్ తనని బలిచ్చి ఉంటే కలాం ఆ సమీక్షలో అంత తేలిగ్గా లేచి నిలబడేవారా? నాకు అనుమానమే. బయట కాపాడతాడని తెలిసిన టీమే లోపల నిజం చెబుతుంది. నిజం బయటపడితేనే లీకేజీకి కారణమైన వాల్వు దొరుకుతుంది.

[స్క్రీన్ మీద: రాత్రి పూట ఆఫీసు]

మన దగ్గరికి వద్దాం. హైటెక్ సిటీలో ఏదో ఆఫీసు, శుక్రవారం రాత్రి రిలీజ్. టెస్టింగ్ చేసే అమ్మాయి ‘సార్, ఈ ఒక్క బగ్ నాకు డౌట్‌గా ఉంది’ అంటుంది. లీడ్ ‘ఏం కాదులేమ్మా, నెగటివ్‌గా ఆలోచించకు’ అంటాడు. ఇదీ కంప్యూటర్ని పక్కనపెట్టడమే. సోమవారం క్లయింట్ కాల్‌లో ఆయనే ‘మా జూనియర్ చూసుకోలేదండీ’ అంటాడు. ఆ తర్వాత ఆ అమ్మాయి ఏ డౌటూ చెప్పదు. ఎందుకు చెప్పాలి?

నిజమే, ధావన్‌కి ఉన్న బలం మన టీమ్ లీడ్‌కి ఉండదు. ఆయన ఇస్రో చైర్మన్, అంతరిక్ష శాఖ నేరుగా ప్రధాని కింద ఉండేది. మీ పైన నలుగురు మేనేజర్లున్నారు, అప్రైజల్ టెన్షన్ ఉంది. ప్రతి తప్పూ మీ మీద వేసుకోమని నేను చెప్పను. కానీ క్లయింట్ కాల్‌లో జూనియర్ పేరు ఎత్తకుండా ఉండటానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. ‘ఇది చెడింది, కారణం వెతుకుతున్నాం, గురువారానికి సరిచేస్తాం’ అంటే చాలు. గురువారం అనే ముందు మాత్రం ఆ అమ్మాయిని ఒకసారి అడగండి.